జల్లెడ మీద మిగిలింది

రేకుల షెడ్డు గోడకు మూడు జల్లెడలు వేలాడేవి. మొదటిది పెద్ద కన్నులది. రాళ్ళు, వేళ్ళు, గాజుపెంకులు దాని మీద నిలిచిపోయేవి. రెండోది నడిమి కన్నులది, మట్టిగడ్డల కోసం. మూడోదానికి తీగ లేదు. చెక్క చట్రానికి దోమతెర గుడ్డను రెండు పొరలుగా బిగించి కట్టారు. దాని గుండా దిగిన మట్టిని దోసిట్లో పోసుకుంటే వేళ్ళ సందుల్లోంచి నీళ్ళలా జారిపోయేది. ఆ మట్టిని ట్రేలలో నింపి, గుంటకొక విత్తనం చొప్పున పెట్టి, ఇరవై అయిదు రోజులు సాకి, టమాటా, మిరప, వంగ, క్యాబేజీ నారును చుట్టుపక్కల రైతులకు ఇవ్వడం ఆమె వృత్తి. ముప్పై నాలుగేళ్ళు అదే చేసింది. ఆమె అసలు పేరు కాగితాల మీద ఉంది. మనుషుల నోళ్ళలో ఉన్నది జల్లెడమ్మ.

ఈ పని ఆమెకు అత్తగారు నేర్పింది. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే, "మట్టంటే మొక్కకి పక్క. పక్కలో పలుగురాయి గుచ్చుకుంటుంటే నీకు నిద్ర పడుతుందా?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా జల్లెడ చేతికిచ్చింది. అప్పటి నుంచి ఆమె ఎవరికైనా జల్లెడ పట్టని మట్టి ఇచ్చిన దాఖలా లేదు. పక్కింటి పిల్ల పూలకుండీకి గిన్నెడు మట్టి అడిగినా సరే, ఆ పిల్లను నిలబెట్టి, మూడు జల్లెడలూ దించి, ఆ గిన్నెడూ సిద్ధం చేసి ఇచ్చేది. గడ్డలున్న మట్టి చేతిలో పెట్టడం ఆమె దృష్టిలో దాహమన్నవాడికి కడగని గ్లాసుతో నీళ్ళివ్వడం. ఎవరైనా కొత్త ఉద్యోగంలో తొందరగా కుదురుకుంటే ఆ వీధుల్లో "జల్లెడమ్మ నారులా అంటుకున్నాడు" అనేవారు.

పల్లపు పొలంలో మిరప వేసే రైతు ఆమెకు వరసకు మరిది. నారు కోసం వచ్చినప్పుడల్లా ఒక చురక వెయ్యనిదే కదిలేవాడు కాదు.

"వదినా, మా అన్నను కూడా జల్లెడ పట్టే చేసుకున్నావా?"

"పట్టాను మరిదీ. కిందికి దిగినవాళ్ళంతా ఎటో జారిపోయారు. పైన మిగిలింది మీ అన్న."

మూలన కూర్చుని విత్తనాల పొట్లాలు విప్పుతున్న భర్త తలెత్తకుండానే, "గడ్డని కాబట్టే ఇన్నేళ్ళు కరక్కుండా ఉన్నాను" అనేవాడు.

షెడ్డు వెనక అరవై అడుగులు వేస్తే గట్టు. గట్టు అవతల, రెండున్నరేళ్ళ క్రితం దాకా, బీడు. ఆ బీడులో చమురు కంపెనీ ఇనుప గోపురం నిలబెట్టి బావి తవ్వడం మొదలుపెట్టింది. ఆ తవ్వకం ఎలా జరుగుతుందో చెప్పుకోవాలి, ఎందుకంటే జరిగినదంతా దానిలోంచే వచ్చింది. నేలను తొలిచే ఇనుప ములుకు వేడెక్కకుండా చిక్కటి బురదనీటిని గొట్టంలోంచి లోపలికి తోస్తారు. ఆ బురద రాతిపొడిని మోసుకుంటూ తిరిగి పైకి వస్తుంది. వచ్చేటప్పుడు ఒట్టి చేతులతో రాదు. అడుగున ఉన్న నూనెను తెస్తుంది. ఎన్ని యుగాల నుంచో అక్కడ బందీగా ఉన్న ఉప్పునీటిని తెస్తుంది. దాన్నంతా పొయ్యడానికి గట్టు పక్కనే గుంట తవ్వారు. పొడవు నూట ఇరవై అడుగులు, వెడల్పు ఎనభై. అనుమతి పత్రంలో మూడు షరతులున్నాయి: గుంట అడుగున రెండు పొరల ప్లాస్టిక్ షీటు పరచాలి, మట్టాన్ని వారం వారం కొలవాలి, ఆరు నెలల్లో ఖాళీ చేసి పూడ్చాలి. షీటు ఒక పొరే పరిచారు. మట్టం ఎవరూ కొలవలేదు. ఆరు నెలలు ఇరవై ఆరు నెలలయ్యాయి.

ఆమె మొదట గమనించింది మొక్కను కాదు, నీటిని. ట్రేల మీద చెంబుతో నీళ్ళు చిలకరిస్తే అవి ఇంకలేదు. తామరాకు మీద బొట్ల మాదిరిగా మట్టి మీద దొర్లాయి. నూనె పట్టిన మట్టి నీటిని తాగదు. తర్వాత ఎండిన ట్రేల మీద తెల్లటి పొర పేరింది. ఆ తర్వాతే మొక్క మాట్లాడింది. మొలకలు రెండాకుల దగ్గర ఆగిపోయాయి. ఆకుల అంచులు, దీపానికి తగిలినట్టు, గోధుమరంగుకు మాడాయి. నారు కోసం ఆమె మట్టి తవ్వుకునేది గట్టు కింది పల్లంలోనే. ముప్పై కుటుంబాల పొలాలు ఆ పల్లంలోనే ఉన్నాయి.

"వదినా, ఈ ఏడు నీ నారు అలిగింది" అన్నాడు మిరప రైతు, మాడిన మొక్కను ఆమె ముందు పెట్టి.

"నారు అలగలేదు. నీ పొలం దాన్ని తిట్టి పంపింది."

"నీ ట్రేలో ఉన్నప్పుడే మొహం మాడ్చుకుంది కదా."

ముప్పై నాలుగేళ్ళలో ఒక రైతు నారు తిరిగి తేవడం అదే మొదటిసారి.

ఆమె సొంత తమ్ముడు ఆ కంపెనీలోనే ట్యాంకరు నడుపుతాడు. వేరే బావుల వ్యర్థాన్ని కూడా తెచ్చి ఈ గుంటలోనే పోస్తాడు. రోజూ ఉదయం ఎనిమిదికి ఆమె గేటు ముందు వెళ్తూ రెండుసార్లు హారను కొడతాడు. ఒకరోజు ఆమె రోడ్డుకు అడ్డం నిలబడింది.

"ఏరా, ఇన్ని ట్యాంకర్లు పోస్తున్నావు. ఆ గుంట నిండదా?"

తమ్ముడు ఇంజను ఆపాడు. "నిండదక్కా. అడుగున షీటు చిరిగి ఏడాదైంది. ఎంత పోసినా మట్టం అక్కడే ఉంటుంది. మాకూ హాయి."

"మరి పోసిందంతా ఎటు పోతోంది?"

"కిందికి."

"కింద ఎవరున్నార్రా?"

అతడు స్టీరింగు మీది దుమ్మును బొటనవేలితో గీకాడు. "నువ్వే అక్కా."

"ఈ మాట ఆఫీసులో చెప్తావా?"

"చెప్తే రేపటి నుంచి ఈ హారను ఇంకొకడు కొడతాడు." ఇంజను స్టార్ట్ చేశాడు. "నీకు చెప్పాను కదా. అక్కవి కాబట్టి చెప్పాను."

ముప్పై ఒక్క కుటుంబాలు, ఆమెతో కలిపి, నేలల విభాగానికి అర్జీ పెట్టుకున్నాయి. అర్జీలో కోరింది ఒక్కటే. వానాకాలం రాకముందే గుంటను ఖాళీ చేయించి మూయించాలి. చట్టం దీనికి వీలు కల్పిస్తుంది: మట్టి చెడిందని పరీక్షలో తేలితే విభాగం గుంటను మూయించి తీరాలి, తేలకపోతే కంపెనీకి మరో అయిదేళ్ళ అనుమతి దానంతటదే వస్తుంది. అంటే వాళ్ళ నేల బతుకు మొత్తం ఒక మట్టి పరీక్ష మీద నిలబడింది. వానలకు పది వారాల వ్యవధి ఉంది.

అర్జీ చేరిన వారానికి కంపెనీ నుంచి ఒక అధికారి వచ్చాడు. రైతులతో సఖ్యంగా ఉండటం అతని ఉద్యోగం. పెదాల మీద నవ్వు చెరగదు కనుక అందరూ అతన్ని నవ్వుల సారు అంటారు. బూట్లు గేటు దగ్గర విప్పి, షెడ్డులో ముక్కాలి పీట మీద కూర్చుని, టీ తాగుతూ, పొద్దున్న తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఆమె పని చూశాడు.

"ఏ మట్టయినా మూడు జల్లెడలూ పడతారామ్మా?"

"ఏ మట్టయినా అంతే బాబూ."

"ఎవరడిగినా?"

"ఎవరడిగినా. రాజు అడిగినా, రాళ్ళు కొట్టేవాడు అడిగినా."

"ఉప్పు తగిలిన మట్టి అయితే?"

"జల్లెడ పట్టాక మూడుసార్లు కడుగుతాను. గోనెసంచిలో పోసి, మా ఇంటి ముందరి బావి నీళ్ళు పైనుంచి వదిలితే ఉప్పు కిందికి దిగిపోతుంది. ఆ బావి గట్టుకి ఎగువన ఉంది, దాని నీళ్ళు ఇంకా చెడలేదు."

"నూనె వాసన వేస్తే?"

"పట్టా మీద పలచగా రెండు ఎండలు ఆరబెట్టాలి. మూడో రోజుకి వాసన ఉండదు."

నవ్వుల సారు చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. ఒకరు తన విద్యను రాసుకోవడం ఆమె జీవితంలో అదే ప్రథమం. వెళ్ళేటప్పుడు అతనికి ఆరు టమాటా మొక్కలు, బతికిన వాటిలోంచి ఏరి, కాగితంలో చుట్టి ఇచ్చింది.

తొమ్మిదో రోజున కంపెనీ నేలల విభాగానికి ఒక లేఖ రాసింది. "పరీక్ష పట్ల రైతులకు ఏ అనుమానమూ కలగకూడదన్నది మా అభిమతం. కనుక మట్టిని అర్జీదారులే స్వయంగా తీసుకొచ్చి ఇచ్చే ఏర్పాటు చేయవలసిందిగా మనవి." విభాగానికి ఒక నమూనాల ఉద్యోగి, ఒక జీపు ఉన్నాయి. ముప్పై ఒక్క పొలాలు తిరగడం తప్పుతుందంటే ఎవరు కాదంటారు? ఆ మనవిని అదే రోజు ఆమోదించారు.

నియమం మాత్రం ఇలా ఉంది: నమూనాను విభాగపు ఉద్యోగి స్వయంగా తవ్వి తీయాలి; ఉన్నది ఉన్నట్టుగా గాజుసీసాలో నింపాలి; ఇరుపక్షాల ఎదుట సీలు వేయాలి; చల్లటి పెట్టెలో చేర్చాలి. ఈ నియమం మట్టి కోసం రాసింది కాదు. దాన్ని తాకే చేతుల కోసం రాసింది. దాన్ని ఒక్క సంతకంతో పక్కన పెట్టినవాడి పేరు దస్త్రంలో ఉంది. అతన్ని ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు.

అర్జీదారులకు వచ్చిన నోటీసులో ఉన్నది ఇంతే: "మీ భూమిలోని మట్టి రెండు కిలోలు సంచిలో తీసుకుని, ఫలానా తేదీ ఉదయం పది గంటలకు కార్యాలయంలో అందజేయవలెను." ఎంత లోతు తవ్వాలో లేదు. ఎలా తీయాలో లేదు. ఏం చేయకూడదో లేదు.

నోటీసు అందిన మరునాడు ముప్పై కుటుంబాలూ బుట్టల్లో, బకెట్లలో, పాత టైరు తొట్లలో మట్టి నింపుకుని జల్లెడమ్మ షెడ్డుకు వచ్చాయి.

"మట్టి సంగతి నీకు తెలిసినట్టు మాకేం తెలుసు వదినా" అన్నాడు మిరప రైతు బుట్ట దించుతూ. "ఆఫీసుకి వెళ్ళే మట్టి. నీ చేతి మీదుగా వెళ్తే మాకు ధైర్యం."

ఆమె తలాడించి పెద్ద జల్లెడ దించింది.

ఆమె కోడలు పన్నెండో తరగతి దాకా చదివింది. ఇంట్లో కాగితాలన్నీ చదివేది ఆ అమ్మాయే. పట్టా పరుస్తూ అడిగింది:

"అత్తయ్యా, ఉన్నదున్నట్టు ఇచ్చేస్తే సరిపోదూ? జబ్బు చూడమంటే డాక్టరు దగ్గరికి జబ్బుతోనే కదా వెళ్తాం."

"జబ్బుతోనే వెళ్తాం. స్నానం చేసి వెళ్తామా, వెళ్ళమా?"

కోడలికి నవ్వొచ్చింది. "వెళ్తాం."

"మరి. వాళ్ళది లక్షల మిషను. గడ్డలు పడి పళ్ళు విరిగితే, మట్టి ఇవ్వడం కూడా రాదు వీళ్ళకి అంటారు. జబ్బు మట్టి లోపల ఉంది. మిషనుకి కళ్ళుంటాయి, అదే పట్టుకుంటుంది."

ఈ తప్పు ఎలా జరిగిందో వేరే ఎవరినీ అడగనక్కర్లేదు. మట్టిని ఇంకొకరి చేతికివ్వడమంటే ఏమిటో ముప్పై నాలుగేళ్ళుగా ఆమె శరీరానికి తెలుసు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆరు రోజులు పట్టింది. మూడు జల్లెడలు, నూనెలో ముద్దకట్టిన గడ్డలన్నీ పైన నిలిచిపోయాయి. మూడు కడగడాలు, ఉప్పు దిగిపోయింది. రెండు ఎండలు, తేలిపోయే నూనెలు ఆవిరయ్యాయి. ప్రయోగశాల వెతకబోయేవి మూడే మూడు: గడ్డలో పట్టిన చమురు, కరిగిన ఉప్పు, ఆవిరయ్యే నూనె. నిందితుడి వకీలు రహస్యంగా మనిషిని పెట్టి చేయించినా ఇంత నిష్ఠగా జరిగేది కాదు.

జల్లెడ మీద మిగిలింది నల్లగా, నిగనిగలాడుతూ, తీగకు అంటుకుపోయేది. బూడిదతో తోమితే తప్ప వదలలేదు. దాన్ని ఎక్కడ పారబొయ్యాలో ఆమెకు తోచలేదు.

"గట్టు మీద పోసెయ్" అన్నాడు భర్త.

"గట్టు కింద మన మట్టే. పక్కవాడి చేలో పోస్తే పక్కవాడి మట్టి. ఎవరి పక్కలో పొయ్యమంటావు?"

చివరికి మూతున్న నీలం డ్రమ్ములో వేసింది. ముప్పై ఒక్క కుటుంబాల గడ్డలకు డ్రమ్ము ముప్పాతిక నిండింది.

విచారణ రోజున ఆఫీసు గదిలో రెండు బెంచీలు, ఒక ఫ్యాను ఉన్నాయి. కూర్చున్నవాళ్ళు పదిమంది, మిగతావాళ్ళు గోడల వెంట నిలబడ్డారు. విచారణాధికారి మర్యాదస్తుడు. వయసైనవాళ్ళు ముందు కూర్చోండని తనే చెప్పాడు. నివేదికను అందరికీ అర్థమయ్యేలా చదివాడు: చమురు, పరిమితికి చాలా లోపు. ఉప్పు, మామూలు మట్టిలో కన్నా తక్కువ. చివరి పేరా చదివేటప్పుడు అతనూ కొంచెం ఆగాడు. "ముప్పై ఒక్క నమూనాలూ నాణ్యతలో ఉత్తమంగా ఉన్నవి; నారు పెంపకానికి తగినవి."

జల్లెడమ్మ చెయ్యెత్తింది.

"అయ్యా, మిషను సరిగ్గా చూడలేదేమో. ఇంకోసారి వెయ్యమనండి. మట్టి తప్పేం లేదు, నేనే దగ్గరుండి సిద్ధం చేశాను."

కంపెనీ వకీలు లేచాడు. గొంతు పెంచలేదు. తల్లిని అడిగినట్టు అడిగాడు.

"మీరే సంచుల్లో నింపారా అమ్మా?"

"నేనే బాబూ."

"తవ్వింది తవ్వినట్టే నింపారా?"

"అలా ఎందుకు నింపుతాను?"

"జల్లెడ పట్టారా?"

"మూడు."

"కడిగారా?"

"మూడుసార్లు. మంచి బావినీళ్ళు."

"ఆరబెట్టారా?"

"రెండు ఎండలు. మబ్బు పట్టిన రోజున మూడు."

"అన్ని సంచులూనా?"

"ముప్పై ఒకటీ. ఒక్కదాంట్లో గడ్డ ఉంటే చూపించండి."

వకీలు అధికారి వైపు తిరిగి తల వంచి కూర్చున్నాడు. గుమ్మం పక్కన నిలబడ్డ నవ్వుల సారు మాత్రం ఆ రోజు నవ్వలేదు. నవ్వవలసిన అవసరం తీరిపోయింది. కోడలు అత్త మోచెయ్యి పట్టుకుంది. మోచెయ్యి పట్టుకుంటే ఆగవలసిన మాటలు అప్పటికే రాతలోకి ఎక్కాయి.

ఉత్తర్వు నాలుగు పేరాలు. నమూనాలు చెల్లుతాయనుకుంటే కాలుష్యం లేదు. చెల్లవనుకుంటే, అర్జీదారులు తమలో ఒకరి చేత సాక్ష్యాన్ని మార్పించారు. సాక్ష్యాన్ని మార్చినవారు అదే కారణం మీద మళ్ళీ అర్జీ పెట్టుకోవడానికి నియమం ఒప్పదు. కనుక అర్జీ కొట్టివేయడమైనది. గుంట అనుమతి అయిదేళ్ళు పొడిగించడమైనది. ఆ ఉత్తర్వులో అక్షరదోషం కూడా లేదు. గదికి రెండు తలుపులు పెట్టి, రెండిటికీ బయటి నుంచి గొళ్ళెం వేశారు. ఆ గొళ్ళేలు పట్టుకుని ఉన్నవి ఆమె చేతులే అన్నట్టు రాశారు.

మెట్ల మీద ఎవరూ ఆమెను తిట్టలేదు. మిరప రైతు చెప్పులు వేసుకుంటూ, నేల చూస్తూ అన్నాడు:

"కూర పాడైందని చూపించడానికి గిన్నె ఇచ్చాం వదినా. నువ్వు గిన్నె తోమి పంపావు."

వేళాకోళం లేని మాట అతని నోట ఆమె అంతకు ముందు వినలేదు.

మరునాడు ఉదయం ఆమె నీలం డ్రమ్మును తోపుడు బండి మీదికి ఎక్కించింది. కోడలు వెనక నుంచి తోసింది. మూడు కిలోమీటర్లు. కార్యాలయం వరండాలో దించి, గుమాస్తా ముందు మూత తీసింది. గుమాస్తా ముక్కు మూసుకున్నాడు.

"ఏమిటిది?"

"ఆ మట్టిలోంచి తీసింది బాబూ. జల్లెడ మీద మిగిలింది. మీ దగ్గరున్న మట్టీ ఇదీ కలిపితే మా నేల."

"కలిపి తేవాల్సింది."

"తెలీలేదు."

"గడువైపోయింది. కేసు మూసేశారు. ఇది నమూనా కాదు, సీలు లేదు, నంబరు లేదు. తీసుకెళ్ళండి."

"మళ్ళీ మా మట్టిలోకే తీసుకెళ్ళమంటారా?"

ఆమె డ్రమ్మును అక్కడే వదిలి వెళ్ళిపోయింది. గంటలో కార్యాలయమంతా వాసన నిండింది. ప్రభుత్వ వరండాలో గుర్తు తెలియని పదార్థం ఉన్నదని పై అధికారికి ఫోను వెళ్ళింది. నమూనాల ఉద్యోగి జీపు దిగడానికి పదకొండు నిమిషాలు పట్టింది. చేతికి తొడుగులు వేసుకుని వచ్చాడు. ఉన్నది ఉన్నట్టుగా గాజుసీసాల్లోకి తీశాడు. ఇద్దరు సాక్షుల ఎదుట సీలు వేశాడు. చల్లటి పెట్టెలో పెట్టాడు. నియమంలో ఉన్న ప్రతి అక్షరమూ, ఒక్క అక్షరం తప్పకుండా, అమలైంది.

ఎనిమిదో రోజున నోటీసు వచ్చింది. కోడలు షెడ్డులో నిలబడి చదివింది. డ్రమ్ములోని పదార్థంలో చమురు, అనుమతించిన పరిమితికి నలభై ఆరు రెట్లు. ఉప్పు, పందొమ్మిది రెట్లు. అది ప్రమాదకర వ్యర్థం. అనుమతి లేకుండా నిల్వ చేసినందుకు, మూత గట్టిగా లేని పాత్రలో బహిరంగ మార్గం మీద తరలించినందుకు, ప్రభుత్వ ఆవరణలో వదిలినందుకు ఈమె బాధ్యురాలు. వ్యర్థం ఎక్కడి నుంచి పుట్టినదో నిర్ధారించలేకపోయినందున, ఎవరి స్వాధీనంలో దొరికినదో వారిదిగానే భావించడమైనది.

జల్లెడమ్మ మొదటి పేరా మళ్ళీ చదివించుకుంది.

"నలభై ఆరు రెట్లా?"

"అవునత్తయ్యా."

"అయితే విషమేనని ఒప్పుకున్నారు."

"ఒప్పుకున్నారు" అంది కోడలు. కాగితం మడవలేదు. "నీదని."

నోటీసు వెనక పేజీలో ఆజ్ఞలు రెండు. విషపదార్థం నిల్వ చేసిన ఆవరణలో నారు పెంచరాదు కనుక నర్సరీ రిజిస్ట్రేషను రద్దు. పదిహేను రోజుల్లోగా ఆ డ్రమ్మును, గుర్తింపు పొందిన స్థలంలో, గుర్తింపు పొందిన వాహనం ద్వారా పారబోయించాలి. అడుగున చిన్న అక్షరాల్లో ఆ స్థలాల జాబితా ఉంది. ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. గట్టు అవతలి గుంట.

తమ్ముడు ట్యాంకరు తెచ్చి, కార్యాలయం వరండాలోని డ్రమ్మును దాని మీదికి ఎక్కించాడు. ఆ రోజు హారను కొట్టలేదు. కంపెనీ గేటు దగ్గర కాపలాదారు పెద్ద రిజిస్టరు తెరిచాడు.

"వ్యర్థం ఎవరిది?"

"ఈ గుంటదే" అంది జల్లెడమ్మ.

"అలా రాయడానికి గడి లేదమ్మా. ఇక్కడ మనిషి పేరే రాయాలి. పేరు రాయకపోతే లోపలికి పోనివ్వను, లోపలికి పోకపోతే మీ మీద ఇంకో కేసు. నాదేముంది."

ఆమె తన అసలు పేరు రాసింది. రాసి ఎన్నాళ్ళో అయిన పేరు. మధ్యలో ఒక అక్షరం దగ్గర ఆగి, గుర్తు చేసుకుని, పూర్తి చేసింది.

డ్రమ్మును గుంట అంచున బోర్లించారు. గడ్డలు నల్లటి నీళ్ళలో పడి, కాసేపు తేలి, మునిగాయి. మట్టం పెరగలేదు.

"ఇదీ కిందికేనట్రా?" అని అడిగింది.

"ఇదీ కిందికేనక్కా."

పదకొండో రోజున వాన మొదలైంది. మూడు రోజులు ఆగకుండా కురిసింది. రెండో రోజు మధ్యాహ్నానికి గుంట పొంగింది. ఈసారి అడుగు నుంచి కాదు, అంచు మీదుగా, అందరూ చూస్తుండగా. నల్లటి నీరు గట్టు తెంచుకుని అరవై అడుగులూ దాటి షెడ్డులో ట్రేల కిందికి చేరింది. అక్కడి నుంచి పల్లానికి దిగింది. నీరు తీశాక మిరప చేలో ప్రతి మొక్క మొదట్లో నల్లటి పట్టీ కట్టినట్టు మరక మిగిలింది. వారం తిరక్కుండా మొక్కలు నిలువునా ఎండాయి.

పొంగడం కొత్త కారణం. కొత్త కారణం మీద కొత్త అర్జీ పెట్టవచ్చు. ఆ సంగతి కోడలు నియమాలు రెండుసార్లు చదివి కనిపెట్టింది. మిరప రైతు పేరు మీద అర్జీ పెట్టారు. నెల తిరక్కుండా కంపెనీ జవాబు వచ్చింది. "సదరు గుంటలో కంపెనీ వ్యర్థంతో పాటు స్థానికులు పారబోసిన ప్రమాదకర వ్యర్థం కూడా కలిసి ఉన్నది. పొంగినదానిలో ఎవరి భాగమెంతో తేల్చడం సాధ్యం కాదు." జవాబుకు ఒక కాగితం జతచేశారు. గేటు రిజిస్టరులో ఒక పేజీకి నకలు. అందులో, మధ్యలో ఒక అక్షరం దగ్గర కలం ఆగిన చోట సిరా ముద్దకట్టి, ఆమె సంతకం ఉంది.

మిరప రైతు ఆ కాగితాన్ని తెచ్చి షెడ్డులో బల్ల మీద పెట్టాడు. అతని చురకల్లో ఏదీ సరిపోలేదు కాబోలు, ముక్కాలి పీట మీద కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు.

అదే సాయంత్రం పక్కింటి పిల్ల గిన్నె పట్టుకుని వచ్చింది. పూలకుండీ పగిలిందట, కొత్త కుండీకి మట్టి కావాలట. అలవాటు ప్రకారం గోడ వైపు చూసి, జల్లెడలు దించుతుందని ఎదురుచూస్తూ నిలబడింది.

జల్లెడమ్మ గోడ వైపు చూడలేదు. ఆ గిన్నె తీసుకుని, వంగి, కాళ్ళ దగ్గరి నేలలోంచి ఒక్క ఊపున నింపింది. గడ్డలు, నలుపు, వాసన, అన్నీ ఉన్నాయి.

"జల్లెడ పట్టవా?" అంది పిల్ల.

"వద్దు. ఇలాగే తీసుకెళ్ళు. మీ అమ్మకి చూపించు."

పిల్ల గిన్నెను ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని వెళ్ళింది.